టెస్టులు ఫెయిలైనా బిల్డ్ గ్రీన్: పైటెస్ట్ పైన కమాండ్ లైన్ టూల్ రాసేటప్పుడు, దాన్ని టెస్ట్ చేసేటప్పుడు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. టీమ్ కోసం పైటెస్ట్ (పైథాన్ టెస్టులు నడిపే టూల్) పైన పైథాన్‌లో ఒక కమాండ్ లైన్ టూల్ రాశారు. గిట్‌లో మారిన ఫైళ్లు చూసి, వాటికి సంబంధించిన టెస్టులే రన్ చేస్తుంది. ఫెయిలైన వాటిని ఇంకోసారి రన్ చేస్తుంది. చివర్లో ఒక పట్టిక చూపిస్తుంది. మీ విండోస్ ల్యాప్‌టాప్‌లో అంతా సరిగ్గా నడుస్తోంది. లినక్స్ మీద ఉన్న సీఐలో (కోడ్ మారినప్పుడల్లా బిల్డ్, టెస్టులు తనంతట తానే నడిపే సర్వర్‌లో) మాత్రం టెస్టులు ఫెయిలైనా బిల్డ్ గ్రీన్ వస్తోంది. టూల్ లోపల ఓఎస్.సిస్టమ్‌తో పైటెస్ట్‌ని పిలిచి, అది ఇచ్చిన విలువను నేరుగా సిస్.ఎగ్జిట్‌కి పంపుతున్నారు. తప్పెక్కడ, అసలు ఇలాంటి టూల్‌ని ఎలా టెస్ట్ చెయ్యాలి అన్నవి మీ రెండు ప్రశ్నలు.

తప్పు ఆ ఓఎస్.సిస్టమ్ లైన్‌లోనే ఉంది. లినక్స్‌లో అది ఇచ్చేది ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు ఇచ్చే నంబర్) కాదు, ప్రాసెస్ ఎలా ముగిసిందో చెప్పే వెయిట్ స్టేటస్. అందులో ఎగ్జిట్ కోడ్ పై 8 బిట్లలో ఉంటుంది, సిగ్నల్ వల్ల చనిపోతే ఆ సిగ్నల్ నంబర్ కింది బిట్లలో ఉంటుంది. కాబట్టి పైటెస్ట్ 1తో ముగిస్తే మీ చేతికి వచ్చేది 256. దాన్ని సిస్.ఎగ్జిట్‌కి ఇస్తే ఆపరేటింగ్ సిస్టమ్ కింది 8 బిట్లే ఉంచుకుంటుంది. 256లో కింది 8 బిట్లు సున్నా. సున్నా అంటే సక్సెస్. పైటెస్ట్ 2 ఇచ్చినా (512), 3 ఇచ్చినా (768), 5 ఇచ్చినా (1280) ఇదే కథ, అన్నీ సున్నా అయిపోతాయి. విండోస్‌లో అదే ఫంక్షన్ షెల్ ఇచ్చిన ఎగ్జిట్ కోడ్‌ని ఉన్నదున్నట్టు ఇస్తుంది, 1 అంటే 1. మీ ల్యాప్‌టాప్‌లో సరిగ్గా కనిపించడానికి కారణం అదే. నమ్మకం కుదరకపోతే ఏదైనా లినక్స్ టెర్మినల్‌లో ఫెయిలయ్యే టెస్ట్ మీద మీ టూల్ రన్ చేసి, వెంటనే ఎకో కమాండ్‌తో (echo $?) ముందరి కమాండ్ ఎగ్జిట్ కోడ్ చూడండి.

పైథాన్ 3.9లో వెయిట్ స్టేటస్‌ని ఎగ్జిట్ కోడ్‌గా మార్చే ఫంక్షన్ ఓఎస్ మాడ్యూల్‌లోకి వచ్చింది. అయినా దాన్ని అతికించమని చెప్పను. ఓఎస్.సిస్టమ్‌ని పూర్తిగా తీసేసి సబ్‌ప్రాసెస్.రన్ వాడండి. కమాండ్‌ని ఒక స్ట్రింగ్‌గా కాకుండా లిస్ట్‌గా ఇవ్వండి. అప్పుడు మధ్యలో షెల్ ఉండదు, ఫోల్డర్ పేరులో ఖాళీ ఉన్నా ఇబ్బంది ఉండదు. లిస్ట్‌లో మొదటిది సిస్.ఎగ్జిక్యూటబుల్, తర్వాత మైనస్ ఎమ్, తర్వాత పైటెస్ట్. ఊరికే పైటెస్ట్ అని పిలిస్తే పాత్‌లో ముందు ఏది దొరికితే అది నడుస్తుంది, అది మీ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ది కాకపోవచ్చు. మైనస్ ఎమ్‌తో పిలిస్తే ప్రస్తుత ఫోల్డర్ ఇంపోర్ట్ పాత్‌లో చేరుతుందన్న తేడా కూడా ఉంది. అది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే కొందరి టెస్టులు ఒక పద్ధతిలో దొరికి, ఇంకో పద్ధతిలో ఇంపోర్ట్ ఎర్రర్ ఇస్తాయి.

సబ్‌ప్రాసెస్‌లోనూ ఒక మెలిక ఉంది. లినక్స్‌లో చైల్డ్ ప్రాసెస్ సిగ్నల్ వల్ల చనిపోతే రిటర్న్ కోడ్ నెగటివ్‌గా వస్తుంది. మెమరీ చాలక కెర్నల్ చంపేస్తే -9, సెగ్మెంటేషన్ ఫాల్ట్ అయితే -11. ఆ -11ని అలాగే సిస్.ఎగ్జిట్‌కి ఇస్తే బయటికి 245 అని వెళ్తుంది. సున్నా కాదు కాబట్టి బిల్డ్ రెడ్ అవుతుంది కానీ, 245 చూసి ఎవరికీ ఏమీ అర్థం కాదు. షెల్ పాటించే పద్ధతే మీరూ పాటించండి: 128కి సిగ్నల్ నంబర్ కలపండి. 137 కనిపించగానే మెమరీ గురించి, 139 కనిపించగానే ఏదో సీ ఎక్స్‌టెన్షన్ గురించి ఆలోచించడం సీఐ లాగులు చదివేవాళ్లకి అలవాటే.

ఇది సరిచేశాక కూడా గ్రీన్ వస్తే, సీఐ ఫైల్‌లో మీ టూల్ పక్కన పైప్ ఉందేమో చూడండి. టూల్ అవుట్‌పుట్‌ని టీ కమాండ్‌కి పంపి లాగ్ దాచుకోవడం చాలా టీముల్లో ఉంటుంది. పైప్‌లైన్ ఎగ్జిట్ కోడ్ అంటే మామూలుగా చివరి కమాండ్‌ది, అంటే టీ ది. టీ దాదాపు ఎప్పుడూ హాయిగా సున్నా ఇస్తుంది. బాష్‌లో పైప్‌ఫెయిల్ (మధ్యలో ఏ కమాండ్ ఫెయిలైనా పైప్‌లైన్ మొత్తాన్ని ఫెయిల్ చేసే ఆప్షన్) ఆన్ చేస్తే సరిపోతుంది. గిట్‌హబ్ యాక్షన్స్‌లో ఇక్కడ ఒక విచిత్రం ఉంది: స్టెప్‌లో షెల్ బాష్ అని మీరు స్పష్టంగా రాస్తే పైప్‌ఫెయిల్ దానంతటదే ఆన్ అవుతుంది, ఏమీ రాయకపోతే లినక్స్‌లో అదే బాష్ నడిచినా పైప్‌ఫెయిల్ ఉండదు. ఆ ఒక్క లైన్ రాసేయండి.

ఇక ఆ నంబర్ల అర్థం. పైటెస్ట్‌కి ఆరు ఎగ్జిట్ కోడ్‌లు ఉన్నాయి: అన్నీ పాసైతే 0, కొన్ని ఫెయిలైతే 1, మధ్యలో ఆగిపోతే 2, పైటెస్ట్ లోపలి తప్పు అయితే 3, కమాండ్ లైన్ తప్పుగా ఇస్తే 4, ఒక్క టెస్టూ దొరకకపోతే 5. వీటిలో జనం ఎక్కువగా పొరబడేది 2 దగ్గర, 5 దగ్గర.

2 అంటే ఎవరో కంట్రోల్ సీ నొక్కారని మాత్రమే కాదు. టెస్ట్ ఫైల్‌లో ఇంపోర్ట్ ఎర్రర్ వచ్చి కలెక్షన్ (టెస్టుల్ని వెతికి పోగుచేసే దశ) దగ్గరే ఆగిపోయినా 2 వస్తుంది. యూజర్ ఆపేశాడు కదా అని 2ని మన్నించే టూల్, మొత్తం టెస్ట్ ఫైల్ ఇంపోర్ట్ కాకపోయినా మన్నించేస్తుంది.

5 గురించి మీ టూల్ ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే టెస్టుల్ని వడకట్టడమే దాని పని. మారిన ఫైళ్లేవీ లేకపోతే సున్నా టెస్టులు రావడం న్యాయమే. మారిన ఫైళ్లు ఉండి కూడా ఒక్క టెస్టూ ఎంపిక కాలేదంటే అది వేరే సంగతి. ఈ తేడా పైటెస్ట్‌కి తెలియదు, మీకు తెలుసు. కాబట్టి పైటెస్ట్‌ని పిలవకముందే తేల్చండి. మొదటి సందర్భంలో మార్పులేమీ లేవు అని ఒక లైన్ చెప్పి 0 ఇవ్వండి. రెండో సందర్భంలో ఏయే ఫైళ్లకి టెస్టులు దొరకలేదో చూపించి 5 ఇవ్వండి. టెస్టులు లేని ఫైళ్లు ఉండటం సహజం అనుకునే టీములకి ఒక ఆప్షన్ పెట్టండి, కానీ డీఫాల్ట్ మాత్రం కఠినంగానే ఉండాలి.

ఫెయిలైన టెస్టుల సంఖ్యనే ఎగ్జిట్ కోడ్‌గా ఇవ్వాలని కొందరికి తోస్తుంది. రోబోట్ ఫ్రేమ్‌వర్క్ అనే ఇంకో టెస్ట్ టూల్ నిజంగా అలాగే చేస్తుంది, కానీ 250 దగ్గర ఆపేస్తుంది: 250 అంటే 250 గానీ అంతకంటే ఎక్కువ గానీ. ఆ పైవి వేరే అర్థాలకు దాచుకుంది, 252 తప్పుడు ఇన్‌పుట్‌కి, 253 మధ్యలో ఆపితే, 255 అనుకోని ఎర్రర్‌కి. ఆ హద్దు లేకుండా సంఖ్యను అలాగే పంపితే సరిగ్గా 256 టెస్టులు ఫెయిలైన రోజు బిల్డ్ గ్రీన్ అవుతుంది. మీ టూల్‌కి నా సలహా: పైటెస్ట్ కోడ్‌లని మార్చకుండా బయటికి పంపండి, సంఖ్య కావలసినవాళ్లు రిపోర్ట్ ఫైల్ చూసుకుంటారు. మీ టూల్ సొంత తప్పులకి మాత్రం వాటితో గుద్దుకోని నంబర్లు తీసుకోండి. కమాండ్ లైన్ ఆప్షన్లు చదివే పైథాన్ మాడ్యూల్ ఆర్గ్‌పార్స్ తప్పుడు ఆప్షన్‌కి 2 ఇస్తుంది, అది పైటెస్ట్ 2తో కలిసిపోతుంది. పార్సర్‌లో ఎర్రర్ మెథడ్‌ని ఓవర్‌రైడ్ చేసి 64 ఇవ్వండి. బీఎస్‌డీ నుంచి వస్తున్న సిస్‌ఎగ్జిట్స్ పద్ధతిలో తప్పుగా వాడితే 64, లోపలి తప్పుకి 70.

టూల్ కట్టడం దగ్గర నేను పట్టుబట్టేది ఒక్కటే: మెయిన్ అనే ఫంక్షన్ ఆర్గ్యుమెంట్ల లిస్ట్ తీసుకోవాలి, ఒక పూర్ణాంకం రిటర్న్ చెయ్యాలి. సిస్.ఎగ్జిట్ పిలుపు దాని బయట, ఒకే ఒక్క చోట ఉండాలి. మీరు పైప్రాజెక్ట్.టామల్‌లో (ప్రాజెక్ట్ సెట్టింగుల ఫైల్‌లో) స్క్రిప్ట్ ఎంట్రీ పెడితే పిప్ తయారుచేసే చిన్న స్క్రిప్ట్ ఆ పనే చేస్తుంది, మెయిన్ ఏమిస్తే అది సిస్.ఎగ్జిట్‌కి ఇస్తుంది. ఇక్కడ పైథాన్ మిమ్మల్ని హెచ్చరించదు. మెయిన్ చివర రిటర్న్ రాయడం మర్చిపోతే నన్ (None) వెళ్తుంది, నన్ అంటే 0. అన్నీ పాసయ్యాయి అన్న అర్థంలో ట్రూ రిటర్న్ చేస్తే 1 వెళ్తుంది, ఫాల్స్ రిటర్న్ చేస్తే 0 వెళ్తుంది, అంటే సరిగ్గా తలకిందులు. రిటర్న్ టైప్ పూర్ణాంకం అని రాసి మైపై (టైపులు తనిఖీ చేసే టూల్) నడిపితే ఈ మర్చిపోయిన రిటర్న్ రాసేటప్పుడే దొరుకుతుంది. బూలియన్ మాత్రం దానికి దొరకదు, పైథాన్‌లో బూలియన్ కూడా పూర్ణాంకమే కదా. దాన్ని టెస్ట్‌తోనే పట్టాలి.

మీ పట్టిక సంగతి. పైటెస్ట్ స్క్రీన్ మీద వేసే చివరి లైన్‌ని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో చదువుతున్నానని రాశారు. అది మానెయ్యండి. ఆ లైన్ మనుషుల కోసం, వెర్షన్ మారితే మారొచ్చు, రంగులు ఆన్ అయితే మధ్యలో ఎస్కేప్ కోడ్‌లు వస్తాయి. జేయూనిట్ ఎక్స్‌ఎమ్‌ఎల్ రిపోర్ట్ అడగండి, లేదా చిన్న పైటెస్ట్ ప్లగిన్ రాసి హుక్‌ల (పైటెస్ట్ తన పని మధ్యలో పిలిచే ఫంక్షన్ల) ద్వారా ఫలితాలను ఒక జేసన్ ఫైల్‌లోకి తీసుకోండి. హుక్ రాస్తే ఒక విషయం తప్పక తెలియాలి. ప్రతి టెస్ట్‌కీ సెటప్, కాల్, టియర్‌డౌన్ అని మూడు దశల్లో రిపోర్టులు వస్తాయి. ఫిక్స్‌చర్ (టెస్ట్‌కి కావలసినవి ముందే సిద్ధం చేసే ఫంక్షన్) సెటప్‌లోనే విఫలమైతే కాల్ దశ రిపోర్ట్ అసలు రాదు. కాల్ దశ మాత్రమే లెక్కపెట్టే ప్లగిన్‌కి ఆ టెస్ట్ ఉన్నట్టే తెలియదు. డేటాబేస్ ఫిక్స్‌చర్ పడిపోయి టెస్టులన్నీ ఎర్రర్ అయితే, పట్టికలో ఫెయిలైనవి సున్నా అని కనిపిస్తుంది. టియర్‌డౌన్‌లో విఫలమైతే ఇంకో రకం గందరగోళం, ఒకే టెస్ట్‌కి ఒక పాస్, ఒక ఎర్రర్ రెండూ ఉంటాయి. దశల్ని టెస్ట్ ఐడీ వారీగా కలిపి, ఏ దశలో తప్పు జరిగినా ఆ టెస్ట్ తప్పినట్టే లెక్కవెయ్యండి.

ఎగ్జిట్ కోడ్ 0 వచ్చినంత మాత్రాన కూడా నమ్మకండి. టెస్ట్ లోపల ఎవరైనా సిస్.ఎగ్జిట్ పిలిస్తే పైటెస్ట్ దాన్ని పట్టుకుని ఫెయిల్ చేస్తుంది. ఓఎస్ మాడ్యూల్‌లో అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఎగ్జిట్ ఫంక్షన్‌ని సున్నాతో పిలిస్తే మాత్రం పైటెస్ట్ ప్రాసెస్ అక్కడికక్కడే, ఏ సమ్మరీ లేకుండా, సక్సెస్ కోడ్‌తో ముగిసిపోతుంది. ఫోర్క్ చేసే కోడ్‌ని టెస్ట్ చేసేటప్పుడు ఇది జరగడం అసాధ్యమేమీ కాదు. అందుకే మీ ప్లగిన్ రెండు పనులు చెయ్యాలి. కలెక్షన్ అవ్వగానే ఎన్ని టెస్టులు రన్ కావాలో ఫైల్‌లో రాయాలి, సెషన్ ముగిసే హుక్‌లో పూర్తయింది అని రాయాలి. ఎగ్జిట్ కోడ్ 0, కానీ పూర్తయిన గుర్తు లేదు అంటే టూల్ 70 ఇవ్వాలి. ఇది కొత్త ఆలోచనేం కాదు. 1987లో పెర్ల్‌తో పాటు వచ్చిన టెస్ట్ ఎనీథింగ్ ప్రోటోకాల్‌లో ఎన్ని టెస్టులు రావాలో చెప్పే ప్లాన్ లైన్ ఉన్నది ఇందుకే: మధ్యలో చచ్చిపోయిన టెస్ట్ ప్రోగ్రామ్ బాగా నడిచినట్టు కనిపించకూడదు.

గిట్ భాగంలో కూడా ఇలాంటి గ్రీన్ ఒకటి దాక్కుని ఉంటుంది, మీ సీఐలో ఇప్పటికే ఉండొచ్చు. గిట్‌హబ్ వాళ్ల చెకౌట్ యాక్షన్ డీఫాల్ట్‌గా ఒక్క కమిట్ మాత్రమే తెస్తుంది. మెయిన్ బ్రాంచ్‌తో పోల్చమని గిట్ డిఫ్‌ని అడిగితే ఆ రిఫరెన్స్ తెలియదని ఎర్రర్ ఇస్తుంది, ఎగ్జిట్ కోడ్ 128. మీ టూల్ ఆ కోడ్ చూడకుండా అవుట్‌పుట్ మాత్రమే చదివితే ఖాళీ కనిపిస్తుంది. ఖాళీ అంటే మార్పులు లేవు, మార్పులు లేవంటే టెస్టులు అక్కర్లేదు, బిల్డ్ గ్రీన్. గిట్ పిలుపులన్నిటికీ చెక్ ఆర్గ్యుమెంట్ ట్రూ పెట్టండి (కోడ్ సున్నా కాకపోతే ఎక్సెప్షన్ వస్తుంది), చెకౌట్‌లో ఫెచ్ డెప్త్ సున్నా చెయ్యండి. కాన్ఫ్‌టెస్ట్ ఫైల్ (టెస్టులన్నిటికీ ఉమ్మడి ఫిక్స్‌చర్లు ఉండేది), పైప్రాజెక్ట్.టామల్, లాక్ ఫైల్ (లైబ్రరీల వెర్షన్లు రాసి ఉంచేది) వీటిలో ఏది మారినా వడపోత వద్దు, టెస్టులన్నీ రన్ చెయ్యండి.

ఇప్పుడు రెండో ప్రశ్న, టూల్‌ని టెస్ట్ చెయ్యడం. టెస్టులు నడిపే టూల్‌కి మొదట రాయాల్సిన టెస్ట్, అది పాస్ అని చెప్పాల్సిన చోట పాస్ అంటుందా అన్నది కాదు. ఫెయిల్ అని చెప్పాల్సిన ప్రతి చోటా ఫెయిల్ అంటుందా అన్నది. పాస్ వైపు పొరపాటుంటే ఎవరో ఒకరు ఆ రోజే వచ్చి అడుగుతారు. ఫెయిల్ వైపు పొరపాటుంటే ఎవరూ రారు, ఎందుకంటే గ్రీన్ బిల్డ్ గురించి ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. బగ్ ప్రొడక్షన్‌కి వెళ్లాక గానీ తెలియదు. అందుకే టీముల్లో ఇలాంటి టూల్ మొదలుపెట్టేవాళ్లందరికీ నేను ముందు రెడ్ వైపు టెస్టులే రాయమంటాను.

ఎలాగంటే, టెంపరరీ ఫోల్డర్‌లో చిన్న చిన్న ప్రాజెక్టులు సృష్టించి, వాటి మీద మీ టూల్‌ని నిజమైన సబ్‌ప్రాసెస్‌గా నడిపి, వచ్చిన కోడ్ చూడాలి. ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. టెంప్ పాత్ ఫిక్స్‌చర్ ఇచ్చిన ఫోల్డర్‌లో గిట్ రిపో మొదలుపెడతారు. అందులో యూజర్ పేరు, ఈమెయిల్ కాన్ఫిగ్ చేస్తారు, లేకపోతే కొత్త సీఐ మెషీన్‌లో కమిట్ దగ్గరే ఆగిపోతుంది. ఒక ఖాళీ పైటెస్ట్.ఐఎన్‌ఐ ఫైల్ పెడతారు. ఖాళీగా ఉన్నా పైటెస్ట్ దాన్నే రూట్‌గా తీసుకుంటుంది, కాబట్టి పై ఫోల్డర్లలో ఉన్న ఎవరి సెట్టింగులూ లోపలికి రావు. ఒక మాడ్యూల్, దాని టెస్ట్ రాసి కమిట్ చేస్తారు. తర్వాత ఆ మాడ్యూల్‌లో ప్లస్‌ని మైనస్ చేస్తారు. ఇప్పుడు టూల్ రన్ చేస్తే ఎగ్జిట్ కోడ్ 1 రావాలి, రిపోర్ట్ ఫైల్‌లో ఆ ఒక్క టెస్ట్ పేరు ఫెయిల్ అని ఉండాలి. ఇది మొదటిది.

రెండో ప్రాజెక్టులో ఫిక్స్‌చర్ సెటప్‌లో ఎక్సెప్షన్. మూడోదానిలో ఫిక్స్‌చర్ టియర్‌డౌన్‌లో ఎక్సెప్షన్. నాలుగోదానిలో లేని మాడ్యూల్‌ని ఇంపోర్ట్ చేసే టెస్ట్ ఫైల్, కోడ్ 2 రావాలి. ఐదోదానిలో మారిన ఫైల్‌కి టెస్ట్ లేదు, 5 రావాలి. ఆరోదానిలో టెస్ట్ తనంతట తాను ప్రాసెస్‌ని సున్నాతో ముగించేస్తుంది, 70 రావాలి. ఏడోదానిలో టెస్ట్ తనకి తానే సిగ్నల్ 9 పంపుకుంటుంది, 137 రావాలి, ఇది లినక్స్‌లో మాత్రమే. ఎనిమిదోదానిలో పోల్చాల్సిన బ్రాంచ్ లేదు, ఏదో ఒక సున్నా కాని కోడ్‌తో పాటు ఏం జరిగిందో స్టాండర్డ్ ఎర్రర్‌లో ఒక మాట ఉండాలి. ఇవన్నీ ఒకే పారామెట్రైజ్ చేసిన (వేర్వేరు విలువలతో మళ్లీ మళ్లీ నడిచే) టెస్ట్‌గా రాయొచ్చు, కానీ విడివిడిగా రాస్తేనే తర్వాత చదివేవాళ్లకి ఏది ఎందుకుందో తెలుస్తుంది.

అన్నీ రాశాక మీ పాత ఓఎస్.సిస్టమ్ లైన్‌ని తిరిగి పెట్టి, లినక్స్‌లో ఈ టెస్టులు రెడ్ అవుతున్నాయో లేదో చూడండి. అవ్వకపోతే మీ టెస్టులు పనికిరావు. కాల్ దశ మాత్రమే లెక్కపెట్టేలా ప్లగిన్‌ని చెడగొట్టి చూడండి. గిట్ పిలుపులో చెక్ తీసేసి చూడండి. ఒక్కో చోట చెడగొట్టినప్పుడు కనీసం ఒక్క టెస్ట్ అయినా అరవాలి. ఇవి విండోస్‌లోనూ, లినక్స్‌లోనూ రెండిటిలోనూ సీఐలో నడవాలి, మీ అసలు సమస్యే ఆ తేడాలో పుట్టింది కాబట్టి.

సబ్‌ప్రాసెస్ టెస్టులు నెమ్మది. అందుకే ఆర్గ్యుమెంట్లు చదవడం, మారిన ఫైల్ నుంచి టెస్ట్ ఫైల్ పేరు తేల్చడం, కోడ్‌ల అనువాదం ఇవన్నీ మామూలు ఫంక్షన్లుగా విడదీసి నేరుగా టెస్ట్ చెయ్యండి. మెయిన్ పూర్ణాంకం ఇస్తుంది కాబట్టి స్క్రీన్ మీదికి వెళ్లే అవుట్‌పుట్‌ని పట్టి ఇచ్చే క్యాప్‌సిస్ ఫిక్స్‌చర్‌తో అదే ప్రాసెస్‌లో కూడా పిలిచి చూడొచ్చు. ప్లగిన్ భాగానికి పైటెస్ట్‌తో పాటే వచ్చే పైటెస్టర్ ప్లగిన్ ఉంది. కాన్ఫ్‌టెస్ట్‌లో ఒక లైన్‌తో ఆన్ చేస్తే ఫైళ్లు సృష్టించి, పైటెస్ట్ నడిపి, ఎన్ని పాస్, ఎన్ని ఫెయిల్, ఎన్ని ఎర్రర్ అని అడగడానికి వీలవుతుంది. మీ టూల్ మాత్రం పైటెస్ట్.మెయిన్‌ని అదే ప్రాసెస్‌లో పదేపదే పిలవకూడదు. ఒకసారి ఇంపోర్ట్ అయిన మాడ్యూల్ పైథాన్ కాష్‌లో ఉండిపోతుంది, ఫైల్ మారినా రెండోసారి పాత కోడే నడుస్తుంది. పైటెస్ట్ డాక్యుమెంటేషన్ కూడా అలా చెయ్యొద్దనే చెబుతుంది.

చైల్డ్ ప్రాసెస్‌కి ఇచ్చే ఎన్విరాన్‌మెంట్‌ని మీ చేతుల్లో ఉంచుకోండి. పైటెస్ట్ యాడ్ ఆప్ట్స్ అనే వేరియబుల్ ఎవరి మెషీన్‌లోనైనా సెట్ అయి ఉంటే మీ చిన్న ప్రాజెక్టుల్లోకీ వచ్చేస్తుంది, తీసెయ్యండి. సీఐ అనే వేరియబుల్ ఉంటే పైటెస్ట్ చివరి సమ్మరీ లైన్లని టెర్మినల్ వెడల్పుకి కత్తిరించదు, లేకపోతే కత్తిరిస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఒకలా, సీఐలో ఒకలా అవుట్‌పుట్ రావడానికి ఇదొక కారణం. టెస్టుల్లో మొత్తం అవుట్‌పుట్‌ని అక్షరం అక్షరం పోల్చకండి. కోడ్, రిపోర్ట్ ఫైల్, స్క్రీన్ మీద ఒకటి రెండు ముఖ్యమైన మాటలు, అంతే. పట్టిక స్టాండర్డ్ అవుట్‌పుట్‌కి, హెచ్చరికలు స్టాండర్డ్ ఎర్రర్‌కి వెళ్తున్నాయా అన్నది మాత్రం కచ్చితంగా చూడండి. నో కలర్ వేరియబుల్ ఉన్నా, అవుట్‌పుట్ టెర్మినల్‌కి కాకుండా ఫైల్‌కి వెళ్తున్నా రంగులు ఉండకూడదు.

మీ ప్రాజెక్టులో తెలుగు డేటా ఉందని రాశారు కాబట్టి ఇది విడిగా చెబుతున్నాను. పారామెట్రైజ్‌లో తెలుగు స్ట్రింగులు ఇస్తే పైటెస్ట్ వాటిని టెస్ట్ ఐడీలో యూనికోడ్ ఎస్కేప్‌లుగా మార్చేస్తుంది. పట్టికలో తెలుగు మాట ఉండాల్సిన చోట బ్యాక్‌స్లాష్‌ల వరుస కనిపిస్తుంది. దాన్ని ఆపే సెట్టింగ్ ఉంది కానీ దాని పేరే కమ్యూనిటీ సపోర్ట్ మీద హక్కులన్నీ వదులుకుంటున్నాను అనే అర్థంలో పెట్టారు. నా ఉద్దేశంలో ఐడీలకి ఇంగ్లిష్ అక్షరాల్లో చిన్న పేర్లు మీరే ఇవ్వడం మేలు. కమాండ్ లైన్‌లో టైప్ చెయ్యడానికీ అదే సులువు.

ఫైల్ పేర్లలో తెలుగు ఉంటే గిట్ కూడా ఇబ్బంది పెడుతుంది. డీఫాల్ట్‌గా గిట్ డిఫ్ అలాంటి పేర్లని కోట్స్‌లో పెట్టి ఆక్టల్ ఎస్కేప్‌లుగా ఇస్తుంది. త అక్షరం 340, 260, 244 అని మూడు ముక్కలుగా వస్తుంది. మీ టూల్ ఆ పేరుతో ఫైల్ వెతుకుతుంది, దొరకదు, టెస్ట్ ఎంపిక కాదు. జెడ్ ఆప్షన్ ఇస్తే పేర్లు ఉన్నదున్నట్టు, మధ్యలో నల్ బైట్‌తో వస్తాయి. అదే వాడండి, ఖాళీలున్న పేర్లకి కూడా అదే మందు.

విండోస్‌లో ఇంకొకటి. పైథాన్ 3.6 నుంచి కన్సోల్ మీద తెలుగు ప్రింట్ చెయ్యడంలో ఎన్‌కోడింగ్ ఎర్రర్ రాదు. అవుట్‌పుట్‌ని ఫైల్‌కి మళ్లించగానే మాత్రం సిస్టమ్ కోడ్ పేజీ వాడుతుంది, అది 1252 అయితే యూనికోడ్ ఎన్‌కోడ్ ఎర్రర్‌తో టూలే పడిపోతుంది. మెయిన్ మొదట్లో స్టాండర్డ్ అవుట్‌పుట్, స్టాండర్డ్ ఎర్రర్ రెండిటినీ యూటీఎఫ్-8కి రీకాన్ఫిగర్ చెయ్యండి, ఫైళ్లు తెరిచే ప్రతి చోటా ఎన్‌కోడింగ్ రాయండి, చైల్డ్‌కి పైథాన్ యూటీఎఫ్8 వేరియబుల్ 1 చేసి పంపండి. మీ చిన్న ప్రాజెక్టుల్లో ఒకదాని ఫైల్ పేరు, అసర్షన్ మెసేజ్ తెలుగులో పెడితే ఇవన్నీ ఒకే టెస్ట్‌లో పట్టుబడతాయి. పట్టిక నిలువు గీతలు వంకరగా వస్తున్నాయంటే కారణం కూడా ఇదే కోవలోది. పైథాన్ లెన్ ఫంక్షన్ ‘తెలుగు’ మాటకి 6 అంటుంది, తెర మీద కనిపించేవి మూడు అక్షరాలు. కోడ్ పాయింట్ల లెక్కతో ఖాళీలు నింపితే వరస కుదరదు. టెర్మినల్‌ని బట్టి కూడా తేడా వస్తుంది కాబట్టి తెలుగు వచ్చే గడిని ప్రతి వరుసలో చివర పెట్టెయ్యండి.

ఫెయిలైన వాటిని మళ్లీ రన్ చెయ్యడం గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. రెండోసారి పాసైన టెస్ట్‌ని పాస్ అని మాత్రమే రాయకండి. రెండో ప్రయత్నంలో పాస్ అని వేరే గుంపుగా చూపించండి, రిపోర్ట్ ఫైల్‌లో మొదటిసారి వచ్చిన ట్రేస్‌బ్యాక్ కూడా ఉంచండి. లేకపోతే నెట్‌వర్క్ మీద ఆధారపడేవి, ఒకదాని మీద ఒకటి ఆధారపడేవి అన్నీ అందులో కప్పబడిపోతాయి. ఒంటరిగా మళ్లీ రన్ చేస్తే పాసయ్యే టెస్ట్ వెనక చాలాసార్లు ఇంకో టెస్ట్ వదిలేసిన చెత్త ఉంటుంది, అది నిజమైన బగ్. మళ్లీ రన్ చెయ్యడానికి పైటెస్ట్ లాస్ట్ ఫెయిల్డ్ ఆప్షన్ వాడుతున్నట్టున్నారు. కాష్‌లో పాత ఫెయిల్యూర్లు లేకపోతే అది డీఫాల్ట్‌గా టెస్టులన్నిటినీ రన్ చేస్తుంది. మీకు కావలసింది అది కాదు కాబట్టి, ఫెయిలైన ఐడీలని మీ రిపోర్ట్ ఫైల్ నుంచే తీసుకుని పేరు పేరునా ఇవ్వండి.

కంట్రోల్ సీ సంగతి కూడా చూడండి. టెర్మినల్‌లో నొక్కితే ఇంటరప్ట్ మీ టూల్‌కీ, పైటెస్ట్‌కీ ఒకేసారి వెళ్తుంది. సబ్‌ప్రాసెస్.రన్ అప్పుడు చైల్డ్‌కి పావు సెకను మాత్రం టైమిచ్చి చంపేస్తుంది. డాకర్ కంటెయినర్లని ఆపే ఫిక్స్‌చర్లు ఉంటే ఆ టియర్‌డౌన్ సగంలో ఆగి, కంటెయినర్లు అలాగే మిగిలిపోతాయి. సబ్‌ప్రాసెస్ మాడ్యూల్‌లోనే ఉన్న పీఓపెన్ వాడి, ఇంటరప్ట్ వచ్చినా చైల్డ్ తనంతట తాను ముగిసేదాకా వెయిట్ చెయ్యండి, రెండోసారి నొక్కితే అప్పుడు చంపండి.

చివరగా, ఇన్‌స్టాల్ చేసిన టూల్‌నే టెస్ట్ చెయ్యండి, సోర్స్ ఫోల్డర్‌లోది కాదు. సీఐలో వీల్ (పిప్ ఇన్‌స్టాల్ చేసే ప్యాకేజీ ఫైల్) బిల్డ్ చేసి, కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో ఇన్‌స్టాల్ చేసి, రిపో బయట ఉన్న ఫోల్డర్ నుంచి కమాండ్ పేరుతో పిలవండి. మీ ప్లగిన్ ఫైల్ వీల్‌లోకి చేరకపోతే సోర్స్‌లో అన్నీ పాసవుతాయి, వాడేవాళ్ల దగ్గర మాత్రం రిపోర్ట్ ఫైల్ పుట్టదు. పైన చెప్పిన పూర్తయిన గుర్తు తనిఖీ మీ టూల్‌లో ఉంటే అది కూడా 70గా బయటపడుతుంది.